చైనా పితృస్వామ్యంపై విజ్ఞాన సర్వస్వ వ్యాసాన్ని సరిదిద్దుదాం

సంపాదకుల వారికి నమస్కారం.

చైనా పితృస్వామ్యం గురించి ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఉన్న వ్యాసం పైన 'ఈ వ్యాసం తటస్థతపై అభ్యంతరాలున్నాయి' అన్న పట్టీ చాలాకాలంగా కనబడుతోంది. పట్టీ పెట్టినవారు పెట్టి వెళ్లారు, సరిదిద్దేవారు రాలేదు. ఈలోగా డిగ్రీ పిల్లలు ప్రాజెక్టుల్లోకి, గ్రూప్స్‌కి చదివేవాళ్లు నోట్సులోకి అవే వాక్యాలు ఎక్కించుకుంటున్నారు. యంత్రానువాదం వచ్చాక ఆ వాక్యాలు రెండు నిమిషాల్లో తెలుగులోకి దిగిపోతున్నాయి, పైనున్న పట్టీ మాత్రం రావడం లేదు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఈ వ్యాసాన్ని ఎలా బాగుచేయాలో నాకు తోచింది మీ పాఠకుల ముందు పెడుతున్నాను.

తటస్థంగా రాయమంటే ఘాటు తగ్గించమని చాలామంది అర్థం చేసుకుంటున్నారు. ఒక విమర్శ రాస్తే పక్కనే ఒక మెచ్చుకోలు రాయాలనుకుంటున్నారు. అలా చేస్తే వ్యాసం ఇంకా చెడిపోతుంది. చైనాలో పసి ఆడపిల్లల కాలివేళ్లు అరికాలి కిందికి మడిచి గుడ్డతో బిగించారన్న నిజాన్ని మెత్తబరిచి రాయడం నా దృష్టిలో దాచిపెట్టడమే. ఇప్పుడున్న వ్యాసంలో అసలు లోపం వేరే. ఎవరు, ఎక్కడ, ఏ కాలంలో, ఎవరు చెప్పగా అన్నవేవీ లేకుండా 'చైనా సంస్కృతి స్త్రీని ఎప్పుడూ బానిసగానే చూసింది' అన్న ధోరణిలో రెండు వేల ఏళ్లను ఒకే గాటన కట్టేశారు.

'మూడు విధేయతలు' సంగతే చూడండి. పెళ్లికి ముందు తండ్రికి, పెళ్లయ్యాక భర్తకు, భర్త పోయాక కొడుకుకు స్త్రీ లోబడి ఉండాలని కన్ఫ్యూషియన్ గ్రంథాల్లో ఉన్నమాట నిజం. చదవగానే మనవాళ్లకు 'పితా రక్షతి కౌమారే' శ్లోకం గుర్తొస్తుంది, నాకూ వచ్చింది. కానీ వ్యాసంలో ఆ పోలిక రాయాలంటే దాన్ని పరిశోధించిన పండితుల ఆధారం చూపాలి, మనకు గుర్తొచ్చింది కదా అని చేర్చేయకూడదు. పైగా గ్రంథం విధించినది ఒకటి, ఊళ్లో జరిగినది ఒకటి. క్రీ.శ. 100 ప్రాంతంలో బాన్ జావో అనే చరిత్రకారిణి స్త్రీలకోసం నీతిపాఠాలు రాసింది. భర్త దగ్గర అణకువగా ఉండాలని అందులోనే చెప్పింది. మగపిల్లలకే చదువు చెప్పి ఆడపిల్లలకు చెప్పకపోవడం ఎందుకని అందులోనే అడిగింది. అన్న బాన్ గు వదిలిపెట్టి పోయిన హాన్ వంశ చరిత్రను పూర్తిచేయడంలో ప్రధాన పాత్ర ఆమెదే. మొదటి మాట ఒక్కటే ఉదహరిస్తే ఆమె పితృస్వామ్యానికి ప్రచారకర్త, రెండోది ఒక్కటే ఉదహరిస్తే స్త్రీవాది. రెండూ ఉంచితేనే ఆమె ఎవరో తెలుస్తుంది.

ఇక ఆడపిల్లల పాదాలు చిన్నవిగా ఉండాలని గుడ్డతో బిగించి కట్టే ఆచారం. ఈ భాగానికే అందరూ ముందు వెళ్తారు కాబట్టి ఇక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇది సాంగ్ వంశ కాలంలో (960–1279) పై వర్గాల ఇళ్లలో స్థిరపడి, తర్వాతి శతాబ్దాల్లో రైతుల ఇళ్లకూ పాకింది. చైనాలో అందరూ పాటించారనడం తప్పు. 1644లో గద్దెనెక్కిన మంచూలు తమ ఆడపిల్లల పాదాలు కట్టనివ్వలేదు. పొలం పనులు చేసే దక్షిణ చైనా హక్కా సమూహపు స్త్రీలలో ఈ ఆచారం దాదాపు లేదు. మంచూ వంశపు కాంగ్సీ చక్రవర్తి ఏలుబడి తొలి ఏళ్లలో నిషేధం పెట్టి, అమలు కాక 1668లో వెనక్కి తీసుకున్నారు. మళ్లీ 1902లో రాజాజ్ఞ, 1912లో కొత్త రిపబ్లిక్ నిషేధం వచ్చాయి. మారుమూల పల్లెల్లో ఆ తర్వాతా కొన్ని దశాబ్దాలు సాగింది.

కారణాల దగ్గరే వ్యాసం పూర్తిగా జారిపోయింది. మగవాళ్ల కోరిక తీర్చడానికే ఇదంతా అని ఒక్క వాక్యంలో ముగించారు. పండితుల మధ్య దీనిపై పెద్ద వాదమే ఉంది. చిన్న పాదం ఆ కాలపు స్త్రీలకు గౌరవంగా, చేతిపనితనంగా కూడా ఎలా కనబడిందో చరిత్రకారిణి డొరొతీ కో రాశారు. ఆ మాట బాధను తక్కువ చేస్తుందని అభ్యంతరపడే వారున్నారు. లారెల్ బోసెన్, హిల్ గేట్స్ అనే మానవశాస్త్రవేత్తలు పల్లెల్లో వృద్ధ స్త్రీలను కలిసి మాట్లాడారు. చిన్న వయసు నుంచే పిల్లను ఒకచోట కూర్చోబెట్టి నూలు వడికించడానికి, నేయించడానికి ఈ కట్టు పనికొచ్చిందనీ, మిల్లు నూలు వచ్చి ఆ ఇంటిపని విలువ పడిపోయాక ఆచారమూ సడలిందనీ వారి వాదన. ఆ పిల్ల పాదం కట్టింది చాలా ఇళ్లలో తల్లే. తనూ ఆ నొప్పి పడ్డ మనిషే. పెళ్లి కాకపోతే కూతురి బతుకేమవుతుందన్న భయం ఆమె చేత అది చేయించింది. ఇవన్నీ ఎవరి వాదన వారి పేరుతో రాస్తే పితృస్వామ్యం ఇంటి లోపల, ఆడవాళ్ల చేతుల మీదుగా ఎలా నడుస్తుందో చదివేవారికి ఇంకా గట్టిగా తెలుస్తుంది. ఆ తెలియజేయడం కోసమే నా తాపత్రయం.

చట్టాల భాగంలో దీనికి పూర్తి వ్యతిరేకమైన తప్పు ఉంది. చట్టం రాగానే అంతా మారిపోయినట్టు రాశారు. 1930–31లో వచ్చిన సివిల్ కోడ్ కూతురికీ కొడుకుతో సమానంగా వారసత్వం ఇచ్చింది. కమ్యూనిస్టు ప్రభుత్వం 1950 మే 1న తెచ్చిన వివాహ చట్టం బలవంతపు పెళ్లిళ్లను, ఉంపుడుగత్తె వ్యవస్థను, చిన్నప్పుడే పెళ్లి ఖాయం చేయడాన్ని రద్దుచేసింది, వితంతువు మళ్లీ పెళ్లి చేసుకుంటే అడ్డుపడకూడదంది. ఇవి గొప్ప అడుగులే. కానీ ఆ చట్టాన్ని అమలు చేయించడానికే 1953 మార్చిలో ప్రభుత్వం ఒక నెలంతా ప్రత్యేక ప్రచారం నడపాల్సి వచ్చింది. విడాకులు అడిగిన స్త్రీలపై హింస జరిగింది. ఊరంతా కలిసి సేద్యం చేసిన కమ్యూన్ల కాలంలో, పనికి ప్రతిఫలం లెక్కకట్టే వర్క్ పాయింట్లు మగవాడికి రోజుకు 10 రాసే చోట ఆడమనిషికి చాలా ఊళ్లలో ఏడో ఎనిమిదో రాసేవారు. ఆకాశంలో సగం స్త్రీలదేనన్న మావో కాలపు నినాదం పక్కన ఈ లెక్క కూడా ఉండాలి.

జనన నిష్పత్తి గురించి కూడా చెప్పాలి. మామూలుగా 100 మంది ఆడపిల్లలకు 105 మంది దాకా మగపిల్లలు పుడతారు. చైనాలో 2010 జనగణన నాటికి ఇది సుమారు 118, 2020 నాటికి 111.3. స్కానింగ్ చేయించి ఆడపిండాలను తొలగించడం దీనికి ముఖ్య కారణమని విస్తృతంగా అంగీకరించిన మాట. అయితే పిల్లల సంఖ్యపై ప్రభుత్వం పెట్టిన పరిమితి దాటితే పడే జరిమానాల భయంతో ఊళ్లలో పుట్టినప్పుడు నమోదు చేయకుండా, ఆలస్యంగా లెక్కల్లోకి వచ్చిన అమ్మాయిలూ చాలామంది ఉన్నారని జాన్ జేమ్స్ కెనడీ, షీ యావోజియాంగ్ అనే పరిశోధకులు 2016లో వాదించారు. వ్యాసంలో మొదటిదే ఉంది. రెండోది చేర్చాలి, కానీ మొదటిదాన్ని కొట్టేయడానికి దాన్ని వాడకూడదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇంకొకటి. చైనా స్త్రీల గురించి ఇంత పొడుగు వ్యాసంలో చైనా స్త్రీల మాటే లేదు. విదేశీ యాత్రికులు, మిషనరీలు, మగ సంస్కర్తలు మాట్లాడతారు. కట్టిన పాదాలు విప్పేసుకుని, 1904లో జపాన్ వెళ్లి చదువుకుని, తిరుగుబాటుకు దిగి 1907లో మరణశిక్ష పొందిన ఛియు జిన్ ఎక్కడ? మగ సంస్కర్తలు స్త్రీ విముక్తి అంటున్నది తమ పేరుకోసం, తమ అవసరం కోసం కాదా అని అదే 1907లో నిలదీసిన రచయిత్రి హె-యిన్ జెన్ ఎక్కడ? బస్సుల్లో, రైళ్లలో వేధింపులకు వ్యతిరేకంగా ప్రచారం చేయబోతూ 2015 మార్చిలో నిర్బంధానికి గురై 37 రోజులు లోపల ఉన్న ఐదుగురు యువతులు ఎక్కడ? వీళ్లను చేరిస్తే వ్యాసం మొత్తం దెబ్బలు తిన్నవాళ్ల జాబితాలా ఉండదు.

ఇవాళ్టి పరిస్థితి రాసేటప్పుడు రెండు వైపులా లాగేవాళ్లుంటారు. గృహహింస నిరోధక చట్టం 2016 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. 2022 అక్టోబరులో ఏర్పడిన చైనా కమ్యూనిస్టు పార్టీ అగ్ర నాయకత్వ బృందం పొలిట్‌బ్యూరోలో ఒక్క స్త్రీ కూడా లేదు, పాతికేళ్లలో అలా జరగడం అదే మొదటిసారి. అదే ఏడాది జనవరిలో ఫెంగ్ కౌంటీలో మెడకు గొలుసు వేసి ఉంచిన తల్లి వీడియో బయటపడి దేశమంతా అట్టుడికింది. ప్రభుత్వం చెప్పుకునేది ప్రభుత్వం మాటగా, విమర్శకులు అనేది విమర్శకుల మాటగా రాయాలి. నైరుతి చైనాలో లుగు సరస్సు దగ్గర ఉండే మోసువో తెగవారి ఇళ్లలో ఆస్తి తల్లి వైపు నుంచి వస్తుంది కాబట్టి చైనాలో పితృస్వామ్యమే లేదనడం ఎంత తప్పో, వాళ్ల ఊసే ఎత్తకపోవడమూ అంత తప్పే.

మనవైపు నుంచి ఒక మాట ఒప్పుకోవాలి. 2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబును పోగొట్టుకున్నాం. చైనా అనగానే మనలో కోపం లేవడం సహజం. ఆ కోపం ఆ దేశపు పాలకుల మీద ఉండాల్సింది, వెయ్యేళ్ల కిందటి ఒక తల్లీకూతుళ్ల బాధను రాసేచోట ఆ దేశాన్ని తిట్టడానికి సాకు కాకూడదు. అలాగే మెడిసిన్ చదవడానికి చైనా వెళ్లొచ్చిన మన పిల్లలు 'అక్కడ ఆడవాళ్లు అర్ధరాత్రి కూడా ఒంటరిగా తిరుగుతారు' అంటుంటారు. వాళ్లు చూసింది వాళ్లు చెబుతున్నారు, అబద్ధం కాదు. కానీ విజ్ఞాన సర్వస్వానికి అది ఆధారంగా చెల్లదు.

తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల స్త్రీల చరిత్ర చదివేవారికి, శాంతినికేతన్ చీనా భవనలోనో జేఎన్‌యూలోనో చైనీస్ నేర్చుకున్న తెలుగువారికి ఈ పని చేతనవుతుంది. అధ్యాపకులు ఒక్కో విద్యార్థికి ఒక్కో భాగం అసైన్‌మెంట్‌గా ఇవ్వవచ్చు, మార్కులూ వేయవచ్చు. మీ పత్రిక ఆదివారం అనుబంధంలో చైనా స్త్రీలపై కథనాలు వేసేటప్పుడు, ఆ సమాచారం ఎక్కడిదో ఒక్క లైను కింద వేయమని కోరుతున్నాను.

పాదాలు కట్టే ఆచారం గురించిన భాగాన్ని ఆధారాలతో తిరగరాసి ఆ వ్యాసం చర్చా పేజీలో ఉంచాను. ఏ వాక్యం ఒకవైపు మొగ్గిందనిపించినా, ఏ ఆధారం చాలలేదనిపించినా అక్కడే రాయండి. ఆస్తి హక్కుల భాగాన్ని, జనన నిష్పత్తి భాగాన్ని ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

— విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు, హనుమకొండ