ఆ బఫ్ డిస్కు సలహా వెనక్కి తీసుకోండి

సంపాదకుల గారికి నమస్కారం అండి.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఇంటి దగ్గరే హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య లీకు కాకుండా వేసే పొర) మార్చుకోవడం ఎలా అని అర పేజీ వేశారు. రాసినాయన పని తెలిసినాయనే, ఇంజన్ పూర్తిగా చల్లారాకే హెడ్ దింపాలని, బోల్టులు విప్పేటప్పుడు బయట నుంచి లోపలికి, బిగించేటప్పుడు మధ్య నుంచి బయటికి పోవాలని, అన్నీ కరెక్ట్ గానే చెప్పారు. కానీ "పాత గాస్కెట్ ముక్కలు డ్రిల్లుకి బఫ్ డిస్కు పెట్టి తోమితే పది నిమిషాల్లో అద్దంలా వచ్చేస్తుంది" అన్న ఒక్క లైను చదివాక నాకు ఆ రోజంతా మనసు మనసులో లేదండి, ఎందుకంటే రెండేళ్ళ కిందట నేను చేసింది అచ్చం అదే, దానికి నా ఇంజన్ బేరింగులు పోయాయి.

నాది పాలకొల్లు, కొబ్బరికాయల వ్యాపారం, నా దగ్గర పాత మూడు సిలిండర్ల పెట్రోల్ వ్యాన్ ఉంది. ఆ ఎండాకాలం రేడియేటర్లో రోజూ నీళ్ళు తగ్గిపోయేవి, పొద్దున స్టార్ట్ చేస్తే సైలెన్సర్ లోంచి తెల్ల పొగ, ఆయిల్ మూత తీసి చూస్తే లోపల మీగడ కట్టినట్టు తెల్లగా ఉంది. హెడ్ గాస్కెట్ పోయిందని అర్థమైపోయింది. చిన్నప్పటి నుంచీ చేతిపని అంటే ఇష్టం, సొంతంగానే చేద్దామని పెరట్లో మామిడి చెట్టు కింద హెడ్ దింపాను. దింపడం వరకూ బానే ఉంది. బ్లాకు ఫేసు, అంటే గాస్కెట్ కూర్చునే చదును మీద నల్లగా అతుక్కుపోయిన పాత గాస్కెట్ మాత్రం బ్లేడు పెట్టి గీకినా ఊడట్లేదు, గంట గీకితే అరచేతిలో సగం అంత కూడా శుభ్రం కాలేదు, హార్డ్‌వేర్ షాపుకెళ్ళి ఆ గరుకు గుండ్రం డిస్కు తెచ్చి డ్రిల్లుకి తగిలించాను. నిజంగానే పది నిమిషాల్లో మెరిసిపోయింది. గుడ్డతో తుడిచి, కొత్త గాస్కెట్ వేసి బిగించేశాను, వ్యాన్ స్టార్ట్ అయ్యింది, నీళ్ళు తగ్గడం ఆగింది, ఇంట్లో అందరికీ చూపించాను కూడా.

సరిగ్గా మూడో వారం భీమవరం నుంచి లోడుతో వస్తుంటే స్లోలో ఆయిల్ లైటు మినుకు మినుకుమంది, ఇంటికి చేరేసరికి కింద నుంచి టక టక టక అని సౌండు. లేత్ షాపు మేస్త్రీ గారు పెద్దాయన, ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంప్ విప్పి, పిస్టన్లు తిప్పే ఇరుసు (క్రాంకు) మీద కూర్చునే బిగ్ ఎండ్ బేరింగ్ షెల్లు ఒకటి తీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. పాత గ్రామఫోన్ ప్లేటు మీద గీతలుంటాయే, అలా చుట్టూ గీతలు. ఆయన దాని మీద గోరు పెట్టి లాగితే గరగరమని నాకు వినపడింది. "హెడ్ దింపినప్పుడు ఏం పెట్టి తోమావు నాన్నా?" అని అడిగారు, అంతే, ఇంకేం అనలేదు. క్రాంకు గ్రైండింగు, అలా సన్నబడ్డ క్రాంకుకి సరిపోయే అండర్‌సైజు బేరింగులు, ఆయిల్ పంపు, కూలీ అన్నీ కలిపి పాతిక వేల దాకా అయ్యింది, గాస్కెట్ పని బయట ఇచ్చి చేయించుకున్నా అందులో మూడో వంతు అయ్యేది కాదు.

ఏం జరిగిందో ఆయన చెప్పాకే నాకు తెలిసింది అండి, అది మీ పాఠకులకి కూడా తెలియాలి. ఆ డిస్కుల్లో, ఎమెరీ పేపర్లో ఉండే గరుకు పొడి చాలావరకు అల్యూమినియం ఆక్సైడ్. వజ్రం గట్టితనం 10 అనుకుంటే దీనిది 9. డిస్కు తిరిగే కొద్దీ ఆ పొడి రాలి బ్లాకులో ఉన్న ఆయిల్ దారుల్లోకి, బోల్టు కన్నాల్లోకి, పిస్టన్‌కీ బోరుకీ (సిలిండరు లోపలి గోడకీ) మధ్య సందులోకి దిగిపోతుంది, కంటికి కనపడదు. బేరింగుకీ క్రాంకుకీ మధ్య ఆయిల్ ఉండే ఖాళీ మిల్లీమీటరులో వందో వంతులు రెండు మూడు, మహా అయితే ఐదు, అందులోకి ఈ పొడి వెళ్తే బేరింగు మెత్త లోహంలో గుచ్చుకుని కూర్చుని క్రాంకుని ఆకురాయిలా అరగదీస్తూనే ఉంటుంది. ఆయిల్ ఫిల్టర్ ఉంది కదా అంటారు, మరీ సన్న రేణువులని ఫిల్టర్ పూర్తిగా ఆపలేదు, పైగా ఆయిల్ చల్లగా చిక్కగా ఉన్నప్పుడు ఫిల్టర్లో బైపాస్ వాల్వు తెరుచుకుంటే ఆయిల్ వడకట్టకుండానే లోపలికి పోతుంది. ఇనుము రజను కాదు కాబట్టి అయస్కాంతానికీ అంటదు. ఇది మా మేస్త్రీ గారు ఒక్కరి మాట కూడా కాదండి, అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళు ఇలాంటి డిస్కులు ఇంజన్ ఫేసుల మీద వాడొద్దని, ఆ పొడి ఆయిల్లో కలిసి బేరింగులు పాడవుతాయని తమ సర్వీసు వాళ్ళకి ప్రత్యేకంగా బులెటిన్ ఇచ్చారు.

ఇంకో నష్టం కూడా ఉంది. నా వ్యాన్లో బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. అల్యూమినియం మెత్తన, డిస్కు ఒక్క క్షణం ఒకే చోట ఆగితే అక్కడ పల్లం పడిపోతుంది, కంటికి మెరుస్తూ కనపడుతుంది గానీ స్కేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. చిన్న ఇంజన్లకి చాలా మాన్యువల్స్ లో హెడ్ వంపు 0.05 మిల్లీమీటరు దాటకూడదని ఉంటుంది, అంటే మనం జిరాక్స్ తీసే కాగితం మందంలో సగం. సిలిండర్లో పెట్రోలు మండినప్పుడు వచ్చే ప్రెషరు కారు టైర్లో గాలికి ఇరవై రెట్ల పైనే ఉంటుంది, అది ఆ సన్న పల్లంలోంచి దారి చేసుకుంటుంది. పైగా వేడెక్కితే అల్యూమినియం పోత ఇనుము కంటే దాదాపు రెండింతలు సాగుతుంది, అంటే ఇంజన్ వేడెక్కినప్పుడల్లా చల్లారినప్పుడల్లా హెడ్ ఆ గాస్కెట్ మీద కొంచెం కొంచెం జరుగుతూనే ఉంటుంది, ఫేసు గరుగ్గా ఉంటే గాస్కెట్ పైపొర చిరుగుతుంది. ఈ మధ్య బళ్ళకి వచ్చే స్టీలు పొరల గాస్కెట్లకైతే ఫేసు ఇంకా నునుపుగా ఉండాలి, పాత రకం మెత్త గాస్కెట్లలాగా అవి గీతల్ని పూడ్చుకోలేవు.

రెండోసారి మేస్త్రీ గారు పక్కన కూర్చుని నా చేతే చేయించారు, ఒక్క బ్లాకు ఫేసుకే దగ్గర దగ్గర ఐదు గంటలు పట్టింది. ముందు పిస్టన్లు కిందకి దించి, పిస్టన్ అంచు చుట్టూ గ్రీజు రాయించారు, రాలిన ముక్క గ్రీజుకి అంటుకుంటుంది, తర్వాత తుడిచేయొచ్చు. సిలిండర్లలో, నీళ్ళ కన్నాల్లో, ఆయిల్ దారుల్లో పీచు రాలని శుభ్రమైన గుడ్డ ముక్కలు కుక్కించి, ఎన్ని పెట్టామో గోడ మీద సుద్దతో రాయించారు, తీసేటప్పుడు లెక్క సరిపోవాలని. గాస్కెట్ రిమూవర్ స్ప్రే మా ఊళ్ళో దొరకలేదు, ఆన్‌లైన్లో తెప్పించాం, ఆరుబయట చేతులకి గ్లవ్స్ వేసుకుని కొట్టి పావుగంట వదిలేస్తే గట్టిగా ఉన్న నలుపు నానిన అప్పడంలా మెత్తబడింది. అప్పుడు ప్లాస్టిక్ గీకుడు బిళ్ళ పడుకోబెట్టి తోస్తే పొరలు పొరలుగా లేచింది, లేవని చోట మళ్ళీ స్ప్రే, మళ్ళీ పావుగంట, బలం పెట్టొద్దు అనేవారు. బోరు చుట్టూ ఉన్న నల్ల రింగు అన్నిటికంటే మొండిది, అది నాలుగు సార్లకి వచ్చింది. స్టీలు బ్లేడు పోత ఇనుము బ్లాకు మీద మాత్రమే, అదీ పడుకోబెట్టి, అల్యూమినియం హెడ్ మీదకి అసలు రానివ్వలేదు.

బోల్టు కన్నాల సంగతి మీ వ్యాసంలో అసలు లేదు అండి, అది కూడా రాయాల్సింది. అడుగు మూసి ఉన్న కన్నంలో నీళ్ళో ఆయిలో ఉండిపోతే బోల్టు దిగేటప్పుడు ఆ నీటికి పోయే దారి ఉండదు, ఎంత బిగించామో చెప్పే టార్క్ రెంచ్ టిక్కుమంటుంది కానీ హెడ్ బిగవదు, ఒక్కోసారి బ్లాకే పగులుతుంది. మేము ఇంజెక్షన్ సిరంజితో లాగి, గుడ్డ మెలితిప్పి దింపి, ఆఖర్న కళ్ళజోడు పెట్టుకుని కంప్రెషర్ గాలి కొట్టాం.

చివర్న తెల్ల బనియన్ గుడ్డ థిన్నర్లో ముంచి ఫేసు తుడవడం, గుడ్డ తెల్లగానే తిరిగి వచ్చేదాకా. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు ఆయన కళ్ళు మూసుకుని గోరు ఫేసు మీద నెమ్మదిగా లాగి ఒకచోట ఆగారు, నేను చూస్తే ఏం లేదు, స్ప్రే కొట్టి గీకితే చిన్న నల్ల పొర లేచింది. తర్వాత ఉక్కు స్కేలు నిలువుగా, అడ్డంగా, మూలలకి పెట్టి సందు కొలిచే సన్న రేకు (ఫీలర్ గేజ్) దూర్చి చూశాం. బ్లాకు బానే ఉంది, హెడ్ మీద నేను చేసిన పల్లానికి ఫేసింగ్ (మెషీన్ మీద చదును) చేయించక తప్పలేదు. కొత్త గాస్కెట్ పొడిగానే వేశాం, షెల్లాక్ గానీ గమ్ గానీ పూయనివ్వలేదు, కంపెనీ పూయమని చెప్పని గాస్కెట్‌కి పూయకూడదట. ఆయిలూ ఫిల్టరూ కొత్తవి, అవి కూడా రెండు వందల కిలోమీటర్లకే మళ్ళీ మార్పించారు.

ఇంకొక్క రెండు మాటలు. హెడ్‌కి కార్బన్ పోవాలని కాస్టిక్ సోడా నీళ్ళలో వేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అది అల్యూమినియాన్ని తినేస్తుంది, బుడగలు వచ్చేది మురికి పోయి కాదు, లోహం కరిగి. పెట్రోలుతో కడగొద్దు, దాని ఆవిరి నేల మీద పాకి దూరంగా ఉన్న నిప్పుని కూడా అందుకుంటుంది. మరీ పాత బళ్ళ గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, పొడిగా గీకి ఊదితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తడిపి మాత్రమే తీయాలి, డ్రిల్లు పెట్టకూడదనడానికి నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద కారణం ఇదే, ఇంజన్ పోతే డబ్బుతో వస్తుంది.

సొంతంగా చేసుకోవద్దని నేను అనడం లేదండి, చేసుకోవాలి, మీలాంటి పేపరు ఇలాంటివి తెలుగులో వేస్తే మాలాంటి వాళ్ళకి ఎంత ఉపయోగమో నాకు తెలుసు. అందుకే అడుగుతున్నా, ఆ లైను తప్పని అదే ఆదివారం పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. మా బావమరిది కొడుకు తణుకులో ఉంటాడు, మీ వ్యాసం కత్తిరించి టూల్ బాక్సు మూతకి అంటించుకున్నాడు, వచ్చే ఆదివారం హెడ్ దింపుతానని ఫోన్ చేశాడు. వాడి దగ్గరికి నేను స్ప్రే డబ్బా పట్టుకుని వెళ్తున్నా. మీ వ్యాసం కత్తిరించి పెట్టుకున్న మిగతా వాళ్ళ ఇళ్ళు నాకు తెలియవు, వాళ్ళకి మీరే చెప్పాలి.

ఇట్లు,
మీ పాఠకుడు, పాలకొల్లు