పిల్లల మాటలు దిద్దే ముందు

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. బడి తెరిచినప్పటి నుంచి నర్సరీ, ఎల్‌కేజీ పిల్లల తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగినవి రెండే ప్రశ్నలు. "మావాడు తప్పులు మాట్లాడుతున్నాడు, దిద్దాలా?" అని ఒకటి. "ఇంట్లో కూడా బడి భాషలోనే మాట్లాడాలా?" అని రెండోది. కనిపించినవాళ్ళకు నోటితో చెబుతూనే ఉన్నాను. అందరికీ చేరాలని ఈ నెల ఉత్తరం మొత్తం దీనికే వాడుకుంటున్నాను. సెలవుల జాబితా వెనక పేజీలో ఉంది.

మొదట తప్పుల సంగతి. మూడేళ్ల పాప "నా కాలులు నొప్పి" అంటుంది, "అక్కడ రెండు ఇల్లులు ఉన్నాయి" అంటుంది. ఆ మాటలు ఎక్కడ విన్నట్టు? ఇంట్లో ఎవరూ అలా అనరు కదా. బొమ్మ బొమ్మలు, కుక్క కుక్కలు, మేక మేకలు అని మనం అంటుంటే విని విని, ఒకటి కంటే ఎక్కువ ఉంటే చివర 'లు' వస్తుందని తనంతట తానే కనిపెట్టింది. ఎవరూ చెప్పలేదు, పలక మీద రాయించలేదు. ఆ సూత్రాన్నే తీసుకెళ్ళి కాలుకీ ఇల్లుకీ తగిలించింది. సూత్రం వంటబట్టింది కాబట్టే ఆ తప్పు వచ్చింది.

"రెండేళ్లప్పుడు 'కాళ్ళు' అని చక్కగానే అనేది, ఇప్పుడే పాడైపోయింది" అని కంగారుపడేవాళ్ళూ ఉన్నారు. అదీ మామూలే. అప్పట్లో 'కాళ్ళు' అన్నది విన్నది విన్నట్టు అప్పజెప్పడం. ఇప్పుడు మాటను సొంతంగా కట్టుకుంటోంది. కొన్ని మాటలు ఆ సూత్రానికి లొంగవని తెలిసేదాకా 'కాలులు' వినిపిస్తూనే ఉంటుంది. తర్వాత మనకు తెలియకుండానే మాయమవుతుంది.

1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు చిన్నపిల్లలకు పిట్టలాంటి ఒక వింత ప్రాణి బొమ్మ చూపించి, "ఇది వగ్" అని చెప్పారు. అలాంటి మాట అసలు లేదు, ఆవిడ కల్పించిందే. తర్వాత అలాంటివే రెండు చూపించి, "ఇప్పుడు ఇవి రెండు..." అని ఆగారు. చాలామంది పిల్లలు "వగ్స్" అని పూర్తిచేశారు. ఎన్నడూ వినని మాటకు బహువచనం చెప్పారంటే, పిల్లలు మనల్ని చూసి వల్లించడం ఒక్కటే చేయడం లేదని తేలిపోయింది.

మరి దిద్దాలా? నా మాటగా చెబుతున్నాను, ఆపి దిద్దకండి. పాప "కాలులు కడుక్కున్నా" అంటే "కాళ్ళు కడుక్కున్నావా? మరి చేతులో?" అని మామూలుగా జవాబివ్వండి. సరైన మాట చెవిన పడుతుంది, కబురూ సాగుతుంది. "కాలులు కాదు, కాళ్ళు అను. ఏదీ, మళ్ళీ అను" అంటే మాత్రం పాప చెప్పబోయిన కబురు అక్కడే ఆగిపోతుంది. చుట్టాల ముందు ఆ తప్పునే మళ్ళీ మళ్ళీ అనిపించి నవ్వుకోవడం ఇంకో అలవాటు. మనకు అది ముద్దుగానే ఉంటుంది, పిల్లలకు కాదు. 'ర'కి బదులు 'ల' పలకడం లాంటివి కూడా ఈ వయసులో మామూలే. కొన్ని ధ్వనులు నోటికి ఆలస్యంగా తిరుగుతాయి.

ఇక ఇంటి భాష. పిల్లలు బడికి వచ్చేసరికే ఆ భాషతో వాళ్ళకు ఏళ్ల తరబడి పరిచయం. కడుపులో ఉన్న చివరి నెలల్లోనే వినికిడి మొదలవుతుంది. పుట్టిన కొద్దిరోజుల శిశువు కూడా పరాయి గొంతు కంటే తల్లి గొంతునే ఇష్టంగా వింటుంది. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రవేత్తలు 1984లో ప్రచురించిన పరిశోధన మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే 6 నుంచి 8 నెలల పిల్లలు హిందీలోని 'ట', 'త'ల మధ్య తేడాను పట్టుకోగలిగారు. 10 నుంచి 12 నెలలు వచ్చేసరికి చాలామందికి ఆ తేడా వినిపించడం తగ్గిపోయింది. వాళ్ళ ఇంటి భాషకు దాని అవసరం లేదు మరి. మన పిల్లలకు ఆ తేడా నిలిచిందంటే మనం రోజూ మాట్లాడటమే కారణం.

ఇదే పనిని టీవీకో ఫోన్‌కో అప్పజెప్పవచ్చు కదా అంటే, కుదరదు. 2003లో ప్యాట్రీషియా కూల్ బృందం 9 నెలల అమెరికన్ పిల్లలకు చైనా వారి మాండరిన్ భాష వినిపించింది. ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడిన మనిషి దగ్గర పిల్లలు ఆ భాష ధ్వనుల తేడాలు పట్టుకున్నారు. అవే మాటలు వీడియోలో, ఆడియోలో విన్నవాళ్ళు పట్టుకోలేకపోయారు.

అందుకే మీకు బాగా వచ్చిన భాషలోనే ఇంట్లో మాట్లాడండి. కథ చెప్పడం, బతిమాలడం, వేళాకోళం ఆడటం, "ఎందుకు?" అన్నదానికి ఓపిగ్గా జవాబివ్వడం, ఇవన్నీ సరిగా రాని భాషలో "కమ్, సిట్, ఈట్" దగ్గరే ఆగిపోతాయి. బడి భాష సంగతి మేం చూసుకుంటాం. ఇంట్లో సహజంగానే రెండు భాషలు ఉంటే రెండూ మాట్లాడండి, దానివల్ల మాటలు ఆలస్యం కావు. ఒకే వాక్యంలో రెండూ కలిపేసినా టెన్షన్ పడకండి.

టెన్షన్ పడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. మీ ఇంట్లో ఇంకా చిన్నపిల్లలు ఉంటే గమనించండి. ఏడాది నిండినా 'బబబ', 'దదద' లాంటి శబ్దాలు చేయకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి చెప్పకపోయినా, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోతున్నా ఆగకుండా డాక్టరుకు చూపించండి. వినికిడి పరీక్ష తప్పకుండా చేయించండి. "మగపిల్లలకు మాటలు లేటుగానే వస్తాయి" అని ఎవరో అన్నారని ఊరుకోవద్దు.

ఒక చిన్న పని అప్పజెబుతున్నాను. మీవాళ్ళు అన్న వింత మాటలు, వింత వాక్యాలు ఒక నోటుపుస్తకంలో ఉన్నవి ఉన్నట్టు రాయండి. పక్కన తేదీ, పిల్లల వయసు కూడా వేయండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కి ఆ పుస్తకం తెచ్చి క్లాస్ టీచరుకు చూపించండి. దిద్ది మాత్రం తేకండి, మాకు తప్పులే కావాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు