లాభం లేదని చెప్పే ముందు సరిగ్గా పరీక్షించండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ బెంగళూరు ఎడిషన్‌లో రోడ్డు ప్రమాదం వార్త లేని రోజు ఉండదు. తలకు బలమైన గాయం, పరిస్థితి విషమం, కోమాలో చికిత్స పొందుతున్నాడు, అక్కడితో వార్త అయిపోతుంది. ఆ మనిషి రెండు మూడు వారాలకు కళ్లు తెరిచి కూడా ఎవర్నీ గుర్తుపట్టకుండా, పిలిస్తే పలక్కుండా ఉండిపోతే ఇంటివాళ్లకు డాక్టర్లు ఏం చెబుతున్నారు, అసలు ఏం చూసి చెబుతున్నారు అన్నది ఎవరూ రాయరు. ఈ ఉత్తరం దాని గురించే.

చాలా చోట్ల చెప్పేది ఒకటే మాట, "బ్రెయిన్ డ్యామేజ్ ఎక్కువుంది, ఇంక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లి చూసుకోండి" అని. కొందరి విషయంలో అది నిజం కావచ్చు, దాన్ని నేను కాదనను. నా బాధంతా ఆ మాట అనే ముందు చేసిన పరీక్ష గురించి. రౌండ్స్‌కి వచ్చినప్పుడు బెడ్ పక్కన నిలబడి, గట్టిగా గిల్లి, కళ్లలోకి టార్చి వేసి, హిందీలో "హాత్ ఉఠావో" (చెయ్యెత్తు) అని రెండుసార్లు అరిచి, కేస్ షీట్‌లో జీసీఎస్ ఇంత అని రాసి వెళ్లిపోతున్నారు. జీసీఎస్, అంటే గ్లాస్గో కోమా స్కేల్, 1974లో వచ్చింది. దెబ్బ తగిలిన కొత్తలో మనిషి ఎంత ప్రమాదంలో ఉన్నాడో త్వరగా తేల్చడానికి అది చాలా మంచిదే. కానీ అందులో కళ్ల విషయానికొస్తే తెరిచాడా లేదా అనే చూస్తారు, ఆ కళ్లు దేన్నైనా వెంబడిస్తున్నాయా అని చూడరు. తెలివి తిరిగి వస్తోందనడానికి చాలామందిలో మొదట కనపడే గుర్తు మాత్రం అదే.

కోమాలో కళ్లు మూసుకునే ఉంటాయి, అది మామూలుగా కొన్ని వారాలకు మించి సాగదు. తర్వాత కొందరు కళ్లు తెరుస్తారు, నిద్రపోతారు, లేస్తారు, అయినా చుట్టూ ఏం జరుగుతోందో తెలుస్తున్న గుర్తు ఒక్కటీ కనపడదు, దాన్ని వెజిటేటివ్ స్టేట్ అంటారు. ఇంకొందరిలో తెలివి మిణుకుమిణుకుమంటూ ఉంటుంది, పొద్దున చెయ్యి నొక్కిన మనిషి సాయంత్రం నొక్కడు, ఒకరోజు చూపు తిప్పి మర్నాడంతా తిప్పడు. దీన్ని మినిమల్లీ కాన్షస్ స్టేట్ అని 2002లో విడిగా నిర్వచించారు. ఈ రెంటినీ వేరు చేయడం డాక్టర్లకు ఏదో పేరు పెట్టే గొడవ కాదు. రెండో రకం వాళ్లు కోలుకునే అవకాశం ఎక్కువ, వాళ్లకు నొప్పి తెలుస్తుంది, వాళ్ల ముందు ఏం మాట్లాడుతున్నామో కొంతైనా చెవిన పడుతూ ఉండొచ్చు.

ఆ తేడా పట్టుకోవడానికి 2004 నుంచి కోమా రికవరీ స్కేల్ రివైజ్డ్ అనే పద్ధతి ఉంది. పెద్ద మెషీన్లేవీ అక్కర్లేదు, ఒక అద్దం, బంతి, దువ్వెన, కప్పు లాంటి వస్తువులు, ఒక అరగంట ఓపిక ఉంటే చాలు. వినికిడి, చూపు, కదలిక, నోరు, సంభాషణ, మెలకువ, ఇలా ఆరు విషయాలు చూసి 23కి మార్కులు వేస్తారు. 2009లో బెల్జియం పరిశోధకులు ఒక లెక్క బయటపెట్టారు. డాక్టర్లు అందరూ కలిసి వెజిటేటివ్ అని తేల్చిన 44 మందిని ఈ స్కేల్‌తో మళ్లీ చూస్తే వాళ్లలో 18 మందికి ఎంతో కొంత తెలివి ఉంది. అంటే నూటికి 41 మంది విషయంలో తప్పు జరిగింది, అదీ అన్ని సౌకర్యాలూ ఉన్న దేశంలో. ఆ తర్వాత 2017లో, ఈ స్కేల్‌తో అయినా ఒక్కసారి చూస్తే సరిపోదని, రెండు వారాల్లో కనీసం ఐదుసార్లు చూడాలని తేలింది, ఎందుకంటే ఈ పేషెంట్లు పూటకొక రకంగా ఉంటారు.

మా ఇంట్లోనే జరిగింది చెప్తాను. మా చిన్నాయనది మదనపల్లె, టమాటా మార్కెట్‌లో పని. బైక్ మీంచి పడి తలకు దెబ్బ తగిలితే బెంగళూరులో ఒక ప్రైవేట్ ఆస్పత్రికి తీసుకొచ్చాం. వెంటిలేటర్ తీసేశారు, మెడ దగ్గర ఊపిరి కోసం పెట్టిన రంధ్రం (ట్రేకియోస్టమీ), ముక్కులో ఆహారం ఎక్కించే రైల్స్ ట్యూబు, కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం సీలింగ్ మీదే. డాక్టర్ది ఢిల్లీ, నర్సులది కేరళ, అందరూ ఆయనతో హిందీలోనో ఇంగ్లిష్‌లోనో మాట్లాడేవాళ్లు. ఓపెన్ యువర్ మౌత్ అంటే ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో కూడా మా చిన్నాయనకు అర్థమయ్యేది కాదు. ఆయన నోరు తెరవలేదు కాబట్టి నో రెస్పాన్స్ అని రాశారు.

చివరికి దారి చూపించింది ఒక ఫిజియోథెరపిస్ట్, చిత్తూరు వైపు అమ్మాయి. వీపు వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది, భుజాలూ చేతులూ గట్టిగా నొక్కి బాగా మెలకువ తెప్పించింది, మా చిన్నమ్మ బ్యాగులోంచి చిన్న అద్దం తీయించి ఆయన ముఖానికి జానెడు కంటే దగ్గరగా పట్టుకుని నెమ్మదిగా పక్కకి జరిపింది. మొదటి రోజు ఏమీ లేదు. మర్నాడు మధ్యాహ్నం చిన్నమ్మ పక్కన నిలబడి "ఇట్ల చూడయ్యా, నేనే" అంటుంటే ఆ కళ్లు అద్దం వెంట ఎడమకి కొంత దూరం జరిగాయి, ఆగాయి, మళ్లీ జరిగాయి. ఆ అమ్మాయి టైమ్ వేసి రాసిపెట్టింది. డాక్టర్ గురించి కూడా న్యాయంగా చెప్పాలి, ఆయన వచ్చి మళ్లీ స్వయంగా చూసి, ముందు రాసింది కొట్టేసి మార్చారు. ఎవరి చూపు అయినా తన ముఖం వైపు తొందరగా లాగబడుతుంది, అందుకే వేలో పెన్నో చూపిస్తే కదలని కళ్లు అద్దానికి కదులుతాయని 2008లోనే పరిశోధనల్లో తేలింది. ఆ అమ్మాయికి అది తెలుసు, వార్డులో మిగతా ఎవరికీ తెలియదు. ఈరోజు చిన్నాయన మాట్లాడడం లేదు, నడవడం లేదు, ఇదేదో అద్భుతం అని నేను చెప్పడం లేదు. కానీ ఆయనకు ఫిజియో ఆపలేదు, చెయ్యి వంచినప్పుడు నొప్పి పుడుతుందని ముందే మందు ఇస్తున్నారు, ఆయన ముందు మేం నోటికొచ్చినట్టు మాట్లాడుకోవడం మానేశాం.

బయటికి ఒక్క కదలికా లేకపోయినా లోపల మాట వింటున్న వాళ్లు ఉన్నారని 2006లో మొదటిసారి తెలిసింది. టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమని చెబితే ఒక యువతి మెదడు స్కాన్‌లో అచ్చం మనలాగే స్పందించింది. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, చెప్పింది ఏదీ చేయలేకపోతున్న 241 మందిని ఎంఆర్ఐ స్కాన్‌తోనో, మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీతోనో చూస్తే 60 మందిలో అలాంటి స్పందన దొరికింది. అలాగని ఈ స్కాన్‌లే తీర్పు అనుకోకూడదు, ఎందుకంటే అదే అధ్యయనంలో మాట విని చేసి చూపించగలిగిన వాళ్లలోనూ సగానికి పైగా స్కాన్‌లో ఏమీ కనపడలేదు.

చికిత్స దగ్గరికి వస్తే, గట్టి రుజువున్నవి చాలా తక్కువ. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బుకి వాడే అమాంటడిన్ అనే పాత మందు ఉంది, తలకు గాయమై 4 నుంచి 16 వారాలైన 184 మందికి నాలుగు వారాలు ఇచ్చి చూస్తే, మందు తీసుకున్నన్నాళ్లూ కోలుకోవడం వేగంగా జరిగిందని 2012లో తేలింది. అది కూడా ప్రమాదంలో దెబ్బ తగిలిన వాళ్ల సంగతే, గుండె ఆగి మెదడుకి ఆక్సిజన్ అందని వాళ్లకి ఇదే వర్తిస్తుందని అనుకోకూడదు. నిద్రమాత్ర జోల్పిడెమ్‌తో కొందరు లేచి మాట్లాడారని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, 2014లో 84 మందికి ఇచ్చి చూస్తే పనిచేసింది నలుగురికే. ఇవి కాక స్టెమ్ సెల్స్, ఆక్సిజన్ చాంబర్ అంటూ లక్షల ప్యాకేజీలు చెప్పేవాళ్లు ఉన్నారు. ఊళ్లో పొలం అమ్మి కట్టేవాళ్లూ ఉన్నారు. దయచేసి కట్టకండి. ఆ డబ్బు వీపున పుండ్లు పడకుండా వేసే మంచి ఎయిర్ బెడ్‌కి, రెండు గంటలకోసారి పక్కకు తిప్పే మనిషికి, ఫిజియోకి పెట్టండి.

అమెరికా న్యూరాలజీ అకాడమీ 2018 మార్గదర్శకాల్లో ఒక విషయం స్పష్టంగా ఉంది, గాయమైన మొదటి 28 రోజుల్లో వీళ్లందరికీ ఇక ఆశ లేదన్నట్టు మాట్లాడకూడదని. మన దగ్గర ఐసీయూ బిల్లు రోజురోజుకీ పెరుగుతుంటే ఆ 28 రోజుల లోపే ఇంటికి పంపడం అయిపోతోంది. ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. సుప్రీంకోర్టు 2018లో ఇచ్చి, 2023లో సులభం చేసిన తీర్పు ప్రకారం, ఆశ లేని రోగికి ప్రాణాధార చికిత్స ఆపే అవకాశం ఉంది, కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో దాని అమలుకి ఆదేశాలు కూడా ఇచ్చింది. ఆ హక్కు ఉండాల్సిందేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అలాంటప్పుడు చికిత్స ఆపవచ్చా అని చూసే మెడికల్ బోర్డు ముందుకు వెళ్లే కాగితంలో ఒక్కపూట చూసిన జీసీఎస్ నంబర్ ఉంటే ఎలా?

అందుకే మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. తల గాయంతో వచ్చి స్పృహ తిరిగి రాని ప్రతి పేషెంట్ డిశ్చార్జ్ సమ్మరీలో ఈ స్కేల్‌తో ఎన్నిసార్లు చూశారు, ఏ తేదీన, ఏ భాషలో మాట్లాడారు, ఇంటివాళ్లు పక్కన ఉన్నారా అన్నది రాయాలని కర్ణాటక ఆరోగ్యశాఖ చెప్పాలి. అరగంట దొరకదంటే ఏడెనిమిది నిమిషాల్లో అయిపోయే సెకండ్స్ అనే చిన్న పద్ధతి కూడా వచ్చింది. ఆంధ్ర ప్రభుత్వం 2019లో తన ఆరోగ్య పథకాన్ని బెంగళూరు ఆస్పత్రులకు విస్తరించింది కాబట్టి, బిల్లు చెల్లించే ముందు ఈ వివరాలున్న షీట్ అడగడం వాళ్ల చేతుల్లో పనే. మెదడు, మానసిక జబ్బుల వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఉన్న ఊరు ఇది, రాష్ట్ర ప్రభుత్వం నిమ్హాన్స్‌తో కలిసి 2022లో మొదలుపెట్టిన కర్ణాటక బ్రెయిన్ హెల్త్ ఇనిషియేటివ్ కోలార్ దాకా వెళ్లింది, జిల్లా ఆస్పత్రి నర్సులకు, ఫిజియోలకు ఈ శిక్షణ అదే దారిలో ఇవ్వొచ్చు. తెలుగు, తమిళం, ఉర్దూ మాట్లాడే స్టాఫ్ ఒక్కరైనా ఆ పూట పక్కన ఉండేలా చూడటం ఏ ఆస్పత్రికీ భారం కాదు.

ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చున్న మన మదనపల్లె, కదిరి, కుప్పం వాళ్లకు కూడా ఒక మాట. లోపలికి పంపినప్పుడు పేరు పెట్టి, ఇంట్లో పిలిచినట్టే పిలవండి, ఏదైనా కదలిక కనపడితే ఫోన్‌లో వీడియో తీసి టైమ్‌తో సహా డాక్టర్‌కి చూపించండి, స్కేల్‌తో పరీక్ష చేశారా అని భయపడకుండా అడగండి. ఆరోగ్యశాఖ అధికారులు దీనికి జవాబిస్తే దాన్ని కూడా ఇదే పేజీలో వేయమని మనవి.

ఇట్లు,
పేరు ప్రచురించవద్దని కోరుతున్న ఒక పాఠకుడు,
కేఆర్ పురం, బెంగళూరు