జీలకర్ర వేసిన గులాబీ

హైదరాబాదు,
ఆదివారం, మిట్టమధ్యాహ్నం.

ప్రియమైన మూర్తీ,

“ఆ గులాబీ సెంటు ఎలా ఉంది, నేనూ ఒకటి తెప్పించుకోనా?” అని నీ ఉత్తరం చివర ఒక్క ముక్క రాసి వదిలేశావు. దానికి ఒక్క ముక్కలోనే బదులు చెప్పవచ్చు గానీ, నెల రోజులుగా పొద్దస్తమానం మణికట్టును ముక్కు దగ్గర పెట్టుకొని తిరుగుతున్న మనిషి దగ్గర అంత పొదుపును ఆశించడం నీ తప్పు. కాబట్టి తీరిక చేసుకొని చదువు.

సీసాను మా మేనల్లుడు న్యూయార్కు నుంచి వస్తూ తెచ్చాడు. లె లాబో అనే కంపెనీ వారి ‘రోజ్ 31’ అది. ఫాబ్రిస్ పెనో, ఎడీ రోషి అనే ఇద్దరు 2006లో ఆ నగరంలో మొదలుపెట్టిన సంస్థ. సెంటును దుకాణంలోనే కలిపి, కొన్నవారు కోరిన పేరును చీటీ మీద అచ్చువేసి సీసాకు అంటించి ఇవ్వడం వారి పద్ధతి. మావాడు నా పేరుకు బదులు ‘మావయ్య’ అని వేయించాడు. దీన్ని కూర్చినది డాఫ్నే బ్యూజే అనే ఫ్రెంచి పరిమళకర్త. పేరులోని 31 అందులో కలిసిన సరుకుల లెక్క అట. ఆ సంగతి తెలియగానే నాకు సంక్రాంతికి ముందు మా నాన్నగారు పచారీ కొట్టుకు పంపించే చీటీ గుర్తుకు వచ్చింది. అందులోనూ దాదాపు అన్నే పద్దులు ఉండేవి, వాటిలో జీలకర్ర తప్పకుండా ఉండేది. నవ్వకు, జీలకర్ర ఇందులోనూ ఉంది. అసలు ఈ ఉత్తరంలో సగం దాని గురించే.

మొదటి రోజు ఉదయం స్నానం చేసి, ఎడమ ముంజేతి మీద ఒక్కసారి కొట్టుకొని, ఆల్కహాలు ఘాటు ఎగిరిపోయేదాకా చేయి దూరంగా పట్టుకొని కూర్చున్నాను. ఆ తరువాత లేచినది నిజమైన గులాబీయే. పూలకొట్టులో ప్లాస్టిక్ కాగితం చుట్టి అమ్మే డచ్ గులాబీ కాదు, దానికి వాసన ఉంటే కదా! మీ నాన్నగారు కడియం నర్సరీ నుంచి తెచ్చి మీ పెరట్లో నాటిన ముద్ద గులాబీ ఉండేది చూశావూ, ఎండెక్కక ముందు దాని దగ్గరికి వెళితే కాస్త నిమ్మపులుపు, కాస్త తేనె కలిసిన వాసన వచ్చేది, సరిగ్గా అది. నేను ఇంకా ఆ పెరట్లోనే ఉండగా, ఏ పిలుపూ లేకుండా వచ్చేసింది జీలకర్ర. వేయించిన జీలకర్ర కాదు, డబ్బా మూత తీసినప్పుడు వచ్చే పచ్చి జీలకర్ర. పక్క గదిలో ఉన్న మీ చెల్లెలు “జీలకర్ర డబ్బా ఎవరు ఒలకబోశారు?” అంటూ వంటింట్లోకి వెళ్ళి, అంతా సక్రమంగా ఉండడం చూసి, తిరిగి వచ్చి నా చేతిని వాసన చూసి, “దీనికి డబ్బులు పోశాడా పిల్లాడు!” అని నిట్టూర్చింది.

ఆమె తీర్పును తేలికగా తీసిపారేయలేకపోయాను గనుక, గులాబీలో జీలకర్ర ఎందుకు వేస్తారో తెలుసుకోవడానికి కొంత చదివాను. జీలకర్రకు ఆ వాసననిచ్చే ముఖ్యమైన పదార్థం క్యుమినాల్డిహైడ్. మనిషి చంకలలో పుట్టే చెమట ఆమ్లాలలో ఒకదానికి జీలకర్రను పోలిన వాసన ఉంటుంది. అందువల్ల ఫ్రెంచి పరిమళకర్తలు పూల వాసనకు ఒంటి వేడిని చేర్చదలచినప్పుడు చిటికెడు జీలకర్ర నూనె వాడతారు. మన మాటల్లో చెప్పాలంటే, కొమ్మ మీది పువ్వును కోసి జడలోకి తెస్తారన్నమాట. పొద్దున్న తురుముకున్న గులాబీ సాయంత్రానికి కొబ్బరినూనె, మెడ చెమట కలుపుకొని ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పనక్కరలేదు. అయితే అక్కడివారిలో చాలామందికి జీలకర్ర తగలగానే స్నానం చేయని మనిషి గుర్తుకు వస్తాడు, ఈ సెంటు మీద వారి ఫిర్యాదు అదే. మనకు మాత్రం గుర్తుకు వచ్చేది చారు. ఒకే పదార్థం ఒకరికి ఒంటి వాసన, మరొకరికి ఇంటి వాసన కావడం నాకు భలే వినోదంగా తోచింది. కానీ సెంటు కొట్టుకొని గుడికో పెళ్ళికో బయలుదేరినవాడికి ఈ రెండు పోలికలూ అంత గౌరవప్రదమైనవి కావని ఒప్పుకోవాలి.

మసాలా గులాబీ అనగానే, గులాబీ నూనెలో లవంగమో మిరియమో బయటి నుంచి తెచ్చి కుమ్మరిస్తారని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది సగమే నిజం. లవంగానికి ప్రాణమైన యూజినాల్ గులాబీ నూనెలో సహజంగానే కొద్దిగా ఉంటుంది, అంటే మసాలా పువ్వులోనే ఉంది. తెలివైనవాడు దాన్ని కాస్త పైకి లాగుతాడు, అంతే. మన కిళ్ళీ కొట్టువాడికి ఈ సంగతి ఏ రసాయనశాస్త్రమూ చదవకుండానే తెలుసు. గుల్కంద్ పరిచి, ఏలకులు వేసి, మడిచిన ఆకుకు లవంగం గుచ్చి ఇచ్చే స్వీటు కిళ్ళీని నోట్లో పెట్టుకొనే ముందు ఒకసారి వాసన చూడు. గులాబీ ఎక్కడ ఆగిందో లవంగం ఎక్కడ మొదలయిందో చెప్పలేవు. ఇంకో మాట కూడా ఇక్కడే చెబుతాను. ఈ జాతి సెంట్లను కారంగా ఉన్నాయని కొందరు అంటారు, ఆ మాట నాకు నచ్చదు. కారం నాలుకకు సంబంధించినది, ముక్కుకు తగిలేది ఘాటు.

పోల్చి చూడకుండా తీర్పు చెప్పడం అన్యాయమనిపించి, ఒక సాయంత్రం చార్మినార్ దగ్గరి అత్తరు కొట్టుకు వెళ్ళి ఉత్తరప్రదేశ్‌లో అత్తర్లకు పేరుపడ్డ కనౌజ్ ఊరి గులాబీ అత్తరును కుడిచేతికి రాయించుకున్నాను. మొదట చూపించినది గులాబీ కంటే గులాబీ సబ్బుకు దగ్గరగా ఉంది. నేను ముఖం చిట్లించేసరికి పెద్దాయన చిరునవ్వు నవ్వి లోపలి నుంచి మరో చిన్న బుడ్డి తీశారు. కనౌజ్‌లో ఇప్పటికీ పాత పద్ధతే నడుస్తున్నది. దేగ్ అనే రాగి డేగిశాలో రేకులు, నీళ్ళు పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కా అనే పాత్రలోకి దిగుతుంది; అందులో ముందే పోసి ఉంచిన చందనం నూనె, ఆ వాసనను పట్టుకుంటుంది. గంధం కలవని శుద్ధమైన గులాబీ నూనెను రూహ్ గులాబ్ అంటారు. దాని ధర విని నేను బుడ్డిని జాగ్రత్తగా ఆయన చేతికే తిరిగి ఇచ్చాను. ఇవ్వక ఏం చేయను, ఒక్క కిలో గులాబీ నూనెకు మూడున్నర నుంచి నాలుగు టన్నుల రేకులు కావాలి, అవీ ఎండ ముదరక ముందే కోసినవి కావాలి.

ఆ పోలికలో నాకు ఒక చిన్న చిక్కు కూడా విడిపోయింది. పెళ్ళిళ్ళలో చల్లే పన్నీరు మెత్తగా, తియ్యగా ఉంటే, అదే పువ్వు నుంచి తీసిన నూనె ఇంత ఘాటుగా ఎందుకు ఉంటుందని ఎప్పుడూ అనుకొనేవాణ్ణి. గులాబీకి మెత్తని తీపినిచ్చే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ నీటిలో కరుగుతుంది, అందువల్ల బట్టీ పట్టినప్పుడు అది చాలావరకు పన్నీరులోనే ఉండిపోతుంది. నూనెలోకి ఎక్కువగా చేరేవి సిట్రొనెలాల్, జెరానియాల్ వంటి చురుకైనవి. కుడిచేతి మీది అత్తరు గంధపు ఒడిలో కూర్చున్న గులాబీ, రెండడుగుల దూరం దాటి పోలేదు, తెల్లవారేదాకా పోలేదు కూడా. ఎడమచేతి మీది రోజ్ 31 మాత్రం గదిలోకి నాకంటే ముందే అడుగుపెట్టింది.

ఇక ఎండ సంగతి. ఏసీ ఆఫీసులో ఈ సెంటు ఎంతో మర్యాదగా ఉంది. జీలకర్ర పావుగంటలో తగ్గి, గులాబీ రెండు గంటలు నిలిచి, తరువాత దేవదారు చెక్క, వట్టివేరు, ధూపం, వాటి కింద పలచని కస్తూరి లాంటి మెత్తదనం మిగిలాయి. ఆ చివరి దశే నాకు అన్నిటికంటే ఇష్టం. కూలరుకు కట్టిన వట్టివేళ్ళ తడక తడిసినప్పుడు వచ్చే చల్లదనం ఎక్కడో లోపల వినిపిస్తుంది. అదే సెంటును మధ్యాహ్నం రెండింటికి, బస్సు కోసం ఎండలో నిలబడినప్పుడు చూడవలసింది! ఒంటి వేడికి మసాలా అంతా ఒక్కసారిగా లేచింది, దానికి నా సొంత చెమట తోడయింది. అందులో ఏది సీసాది, ఏది నాది అని నాకే తేలలేదు. పక్కన నిలబడిన పెద్దావిడ రెండు అడుగులు వెనక్కి జరిగింది, కారణం ఇదేనని నేను ప్రమాణం చేయలేను గానీ అనుమానం మాత్రం ఉంది. మీ విశాఖ ఉక్కపోతలో చెమట ఆరనే ఆరదు గనుక, అక్కడ దీన్ని వేసవి పగటిపూట వాడవద్దని గట్టిగా చెబుతున్నాను.

నా అభిప్రాయాన్ని మార్చినది మాత్రం పోయిన వారం జరిగిన పెళ్ళి. రాత్రి ముహూర్తం. చొక్కా తొడుక్కొనే ముందు ఛాతీ మీద ఒక్కసారి కొట్టుకొని వెళ్ళాను. గుమ్మంలో పన్నీరు చల్లారు, చేతికి గంధం రాశారు. లోపల పీటల దగ్గర, తమలపాకులో ముద్ద చేసిన జీలకర్ర బెల్లం సిద్ధంగా ఉంది. వధూవరులు దాన్ని ఒకరి తలపై ఒకరు పెట్టిన ఆ క్షణంలో, నా చొక్కాలోంచి వస్తున్న వాసనకూ మంటపంలోంచి వస్తున్న వాసనకూ తేడా లేకుండా పోయింది. గులాబీ, జీలకర్ర, గంధపు చెక్క, ధూపం! ఆ ఫ్రెంచి ఆవిడ ఒంటి వాసన కోసం వేసిన దినుసు మా ఊరి పెళ్ళిపందిట్లోకి చేరి కూర్చుంది. మీ చెల్లెలు కూడా నా వైపు ఒరిగి, “ఇవాళ బాగుంది సుమా” అంది. ఇన్నాళ్ళూ వంటింటి వాసన అన్న మనిషే, మూర్తీ!

దీన్ని గులాబీలోని ఆడతనాన్ని తీసి మగవారికి తగినట్టు మలచిన సెంటుగా అక్కడ చెప్పుకుంటారు. ఈ మాట మన వైపు అంత గొప్పగా వినిపించదు. పాతబస్తీలో గులాబీ అత్తరు రాసుకొనే మగవారికి ఎవరి అనుమతీ ఎన్నడూ అవసరం కాలేదు. అత్తరు దూదిని చెవిలో పెట్టుకొని పెళ్ళికి వచ్చే పెద్దమనుషులను మనమే చిన్నప్పుడు ఎంతమందిని చూశాం!

ఇంతకంటే మెరుగైన మసాలా గులాబీ లేదా అని నువ్వు అడుగుతావు, నాకు తెలుసు. ఒక మిత్రుడి దగ్గర ఫ్రెదెరిక్ మాల్ అనే సెంట్ల కంపెనీ వారి ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ’ ఉంటే ఒక పూట అడిగి రాసుకున్నాను. దోమినిక్ రోపియోఁ అనే పరిమళకర్త 2010లో చేసినది. లవంగం, దాల్చినచెక్క, పచౌలీ ఆకు, ధూపం, వీటన్నిటి మధ్య నిండుగా గులాబీ. పట్టుచీరలు దాచిన భోషాణం మూత తీసినట్టు ఉంటుంది. గొప్పతనంలో అదే పై మెట్టు, అందులో నాకు సందేహం లేదు. కానీ అది రాసుకున్న పూటంతా నేను దానికి కుర్చీ వేసి కూర్చోబెట్టవలసిన అతిథిలా మెలగవలసి వచ్చింది. రోజ్ 31 తో ఆ బెంగ లేదు. ఒకోసారి అసభ్యంగా ఉంటుంది, ఒకోసారి మనవాడిలా ఉంటుంది.

కాబట్టి పెద్ద సీసా కొనవద్దు. చిన్నది దొరికితే, శీతాకాలానికీ రాత్రి వేడుకలకూ ఉంచుకో. మా బావమరిది శుక్రవారం మీ ఊరు వస్తున్నాడు, అతనితో రెండు మిల్లీలీటర్ల బుడ్డి పంపుతున్నాను. ఇంగువ ఉన్న సంచిలో మాత్రం పెట్టవద్దని రెండుసార్లు చెప్పాను. కాగితం మీద కొట్టి తేల్చకు, ఒంటి మీదే చూడు. మణికట్లు ఒకదానికొకటి రుద్దకు. మధ్యలో ముక్కు మొద్దుబారితే కాఫీ గింజల కోసం వెతకనక్కరలేదు, ఉతికిన నీ చొక్కా చేతినే ఒకసారి వాసన చూస్తే చాలు. పొద్దున్న ఒకసారి, వారం తరువాత రాత్రి ఒకసారి రాసుకొని, రెండు పూటల సంగతీ విడివిడిగా రాయి.

అన్నట్టు, అన్నిటికంటే ముందు బుడ్డి మూత తీసి, పేరు చెప్పకుండా మా చెల్లెలి ముక్కు దగ్గర పెట్టు. ఆమె గులాబీ అంటుందో జీలకర్ర అంటుందో, ఆ ఒక్క మాట నాకు వెంటనే తెలియాలి.

నీ
శేషు