గోళ్ల చప్పుడు

కన్నా,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వడిగిన మాటకి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "అమ్మా, జంతువులు కూడా దయ్యాలై తిరిగొస్తాయా?" అన్నావు. నేను నోరు తెరిచేలోగా "ఏం లేదులే, ఊరికే" అని పెట్టేశావు. ఊరికే అడగలేదని నాకు తెలుసు. మొన్న వచ్చి ఉన్న నాలుగు రోజులూ నీ గదిలో రాత్రంతా లైటు వెలుగుతూనే ఉంది. చదువుకుంటున్నావేమో అనుకున్నాను. తెల్లవారుజామున హాల్లో, పోయిన మన కుక్క చుక్క గోళ్ల చప్పుడు వినిపించిందన్న సంగతి నిన్నే కదా చెప్పావు.

నేనూ విన్నాను రా.

అది పోయిన మూడో రోజు రాత్రి. టక్ టక్ టక్, కాసేపు ఆగి మళ్లీ టక్ టక్. తర్వాత నా మంచం పక్కన ఒళ్లంతా వదిలేసి కూలబడిన చప్పుడు. అది ఎలా పడుకునేదో నీకు తెలుసుగా, అచ్చం అలాగే. లేచి లైటు వేశాను. ఎవరూ లేరు. మీ నాన్నకి చెప్పలేదు. ఆయనకీ వినిపించిందని వారం తర్వాత తెలిసింది. ఆయనా నాకు చెప్పలేదు. ఒకే ఇంట్లో ముగ్గురం ఒకే చప్పుడు విని, ఎవరికి వాళ్లం గుండెల్లో దాచుకున్నాం.

అప్పట్నుంచి ఈ విషయం గురించి దొరికిందల్లా చదువుతున్నాను. 1971లో డెవీ రీస్ అనే వైద్యుడు వేల్స్‌లో తన ప్రాంతంలో భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని కలిసి మాట్లాడాడు. వాళ్లలో దాదాపు సగం మంది పోయిన మనిషి ఇంట్లోనే ఉన్నట్టు అనిపించిందన్నారు. కొందరికి కనిపించారట, కొందరికి గొంతు వినిపించిందట. వాళ్లెవరూ పిచ్చివాళ్లు కాదు. ఎక్కువ మంది ఆ సంగతి అప్పటిదాకా ఎవరితోనూ చెప్పుకోలేదు. అది చదివినప్పుడు మన ముగ్గురమే గుర్తొచ్చాం. పెంచుకున్న జంతువు పోయినవాళ్లూ ఇలాంటివే చెప్తుంటారు. మంచం మీద బరువు పడినట్టు, కాళ్లకి ఒళ్లు రాసుకుంటూ వెళ్లినట్టు.

మరి ఆ చప్పుడు ఎక్కడిది? పదమూడేళ్లు రాత్రిపూట ఆ అడుగులు విన్న చెవులు మనవి. మెదడు చప్పుడు వచ్చేదాకా ఊరికే కూర్చోదు. ఈ వేళకి ఇది వినిపిస్తుందని ముందే సిద్ధమైపోతుంది. ఫ్రిజ్ మోటారు ఆగినప్పుడు వచ్చే చిన్న టక్కు చాలు, మిగతాదంతా అదే పూరించేస్తుంది. నిద్రకీ మెలకువకీ మధ్య ఉన్నప్పుడు ఆ టక్కు కూడా అక్కర్లేదు. జేబులో ఫోన్ మోగకపోయినా మోగినట్టు తొడ దగ్గర అదిరింది అంటుంటావు చూడు, ఇదీ ఆ జాతిదే. నాకు ఈ వివరణ ఓదార్పుగా ఉందని కాదు. నిజానికి మొదట విన్నప్పుడు దిగులేసింది, అది నిజంగా వచ్చి ఉంటే బాగుండుననిపించింది. కానీ నేను విన్నదానికి ఇదే సరిపోతోంది.

నువ్వు కాలేజీకి వెళ్లిన కొత్తలో చుక్క ఏం చేసేదో నీకెప్పుడూ చెప్పలేదు. సాయంత్రం నువ్వొచ్చే వేళకి గేటు దగ్గరికి వెళ్లి కూర్చునేది. ఒక్కోసారి ఉన్నట్టుండి చెవులు నిక్కబొడుచుకుని, తోక ఊపుతూ లేచేది. వీధిలో ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఏం విన్నావే అని అడిగేదాన్ని. జపాన్‌లో హచికో అని ఒక కుక్క ఉండేది. దాని యజమాని, ఒక ప్రొఫెసర్, 1925లో పని దగ్గరే చనిపోయాడు. అది 1935లో తాను చనిపోయేదాకా, దాదాపు పదేళ్లు, షిబుయా రైల్వే స్టేషన్‌కి వెళ్లి ఎదురుచూసింది. జనంలో ఎన్నిసార్లు ఆయన నడక పోల్చుకుని లేచి ఉంటుందో! అప్పుడు చుక్క మన కోసం విన్నట్టే ఇప్పుడు మనం దాని కోసం వింటున్నాం.

ఇంకోటి అడిగావు. పక్కింటి కుక్కపిల్ల మనింట్లోకి రాగానే చుక్క పడుకునే మూల దగ్గర ఆగిపోయి మూలుగుతుంది, దానికేదో కనిపిస్తోంది కదా అని. కనిపించడం కాదు, వాసన. మన ముక్కుతో పోలిస్తే కుక్క ముక్కు ఎన్నో రెట్లు పదును. చెవి కూడా అంతే. మనకి 20,000 హెర్ట్జ్ దాటిన సన్నటి శబ్దం ఏదీ వినపడదు, దానికి 40,000 దాటినా వినిపిస్తుంది. చుక్క దుప్పటి ఇంకా ఆ మూలనే ఉంది. మనకి చుక్క పోయింది కానీ ఆ పిల్లకి ఇంకా పోలేదు. రోజుకింత చొప్పున పోతోంది. నిజం చెప్పాలంటే దాన్ని చూస్తే నాకు అసూయగా ఉంటుంది.

దయ్యం కుక్కల కథలు కావలసినన్ని ఉన్నాయి. ఇంగ్లండ్‌లో బంగే అనే ఊళ్లో 1577 ఆగస్టు 4న పెద్ద గాలివాన మధ్య చర్చిలోకి ఒక నల్లకుక్క దూసుకొచ్చి ప్రార్థన చేస్తున్న వాళ్లని చంపిందని ఆనాడే పుస్తకం అచ్చేశారు. అదే రోజు బ్లైత్‌బర్గ్ చర్చిలోనూ కనిపించిందంటారు, అక్కడి తలుపు మీద కాలిన గుర్తుల్ని ఇప్పటికీ దాని గోళ్ల గుర్తులని చూపిస్తారు. పిడుగు పడ్డ భయానికి కుక్క రూపం వచ్చిందని నాకనిపిస్తుంది. ఒక సంగతి గమనించు. ఆ కుక్కకి ఎవరూ ముద్దుగా పేరు పెట్టి పిలవలేదు, ఎవరి ఇంట్లోనూ పెరగలేదు, ఎవరి ఒళ్లోనూ తల పెట్టుకుని పడుకోలేదు. మనుషుల్ని బెదిరించే దయ్యం కుక్కలు చాలావరకు ఇలాంటివే. ప్రేమగా పెంచిన కుక్క కథల్లో తిరిగొచ్చినా, మామూలుగా కాపలాకో తోడుకో వస్తుంది.

ఆ ఊరికి దగ్గరలోనే జరిగిన మరో సంగతి మాత్రం నన్ను అంత తేలిగ్గా వదల్లేదు. రైడర్ హాగర్డ్ అనే నవలా రచయితకి 1904 జులైలో ఒక రాత్రి కల వచ్చింది. తన పెద్ద కూతురి కుక్క బాబ్ నీళ్ల పక్కన తుప్పల్లో పడి ఉంది, తాను చనిపోతున్నానని మాటల్లో చెప్పాలని తంటాలు పడుతోంది. నిద్రలో మూలుగుతున్న ఆయన్ని భార్య లేపింది. పొద్దున ఇంట్లో వాళ్లకి కల చెప్పాడు. నాలుగు రోజుల తర్వాత కుక్క నదిలో దొరికింది. కల వచ్చిన ఆ రాత్రే రైలు తగిలి పోయి ఉంటుందని విచారిస్తే తేలింది. ఇలాంటి అనుభవాల్ని పరిశీలించడానికి 1882లో లండన్‌లో పెట్టిన సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్ తన పత్రికలో ఆ వివరాలన్నీ సాక్ష్యాలతో సహా వేసింది. ఆయన అబద్ధం చెప్పాడని నేననను. కానీ మనం కనే కలలు ఎన్ని? నిజమైనవాటినే దాచుకుంటాం, తక్కినవి పళ్లు తోముకునేలోపే మర్చిపోతాం. ఆ కథలో నన్ను పట్టుకున్నది ఇంకొకటి ఉంది. కుక్క మాటల్లో చెప్పాలని ఎందుకు అవస్థ పడుతుంది? బతికినన్నాళ్లూ దానికి మాటల అవసరమే రాలేదు. మాట కావలసింది మనకి.

జంతువులకి ఆత్మ ఉందా లేదా అన్నది మన కథల్లో పెద్ద ప్రశ్న కాదు. ఫ్రాన్స్‌లో దెకార్త్ అనే తత్వవేత్త 17వ శతాబ్దంలో జంతువుల్ని గడియారాల్లాంటి యంత్రాలతో పోల్చాడు. అలాగైతే వాటికి దయ్యమయ్యే యోగం కూడా లేనట్టే. మనవాళ్లు అలా అనుకోలేదు. ధర్మరాజు వెంట వచ్చిన కుక్కని వదిలి స్వర్గానికి రానన్నాడు. భరతుడి కథ నీకు చిన్నప్పుడు చెప్పాను, గుర్తుందా? రాజ్యం వదిలి తపస్సుకి వెళ్లినవాడు తల్లి చచ్చిన లేడిపిల్లని పెంచి, దాని మీదే ప్రాణం పెట్టుకుని పోయి, మరుజన్మలో లేడై పుట్టాడు. ఇప్పుడు మళ్లీ చదివితే కొత్తగా ఒకటి తోచింది. ఆ కథలో బంధం వెనక్కి లాగింది మనిషిని. లేడి ఎవర్నీ పట్టి పీడించలేదు.

దయ్యం అంటే ఏమిటంటారు? తీరని కోరిక, ఆరని పగ. చుక్కకి పగ ఎప్పుడైనా నిలిచిందా? నీకు ఎనిమిదేళ్లప్పుడు దాని తోక తలుపులో పడి నలిగింది. అది కేక పెట్టింది, నువ్వు దానికంటే గట్టిగా ఏడ్చావు. అది తన తోక సంగతి వదిలేసి వచ్చి నీ మొహం నాకింది. పగ పట్టడానికి నిన్నటి లెక్క గుర్తుపెట్టుకోవాలి. అది ఎప్పుడూ ఇవాళ్టి లెక్కే చూసుకుంది.

కాబట్టి నా మట్టుకు నాకు, జంతువులు దయ్యాలై రావు. కానీ నువ్వడగాలనుకున్నది అది కాదేమో అనిపిస్తోంది. ఆఖరి రోజు నువ్వు లేవు. నోరులేని జీవి నీ కోసం చూసిచూసి పోయిందని, దాని ఉసురు తగులుతుందేమోనని లోపల నలిగిపోతున్నావు. అవునా?

అయితే విను. నీ తప్పు ఇందులో ఏమీ లేదు. కిడ్నీలు పాడయ్యాయని డాక్టర్ చెప్పాక రెండు రోజులు నీకు చెప్పకుండా దాచింది నేను. పరీక్షలు పాడుచేసుకుంటావని దాచాను. ఇంజెక్షన్‌కి సరేనన్నదీ నేనే. నీళ్లు కూడా లోపలికి పోవడం లేదు రా, నిలబడలేకపోతోంది. ఇంజెక్షన్ విషయంలో నాకు పశ్చాత్తాపం లేదు. నీకు చెప్పకపోవడం మాత్రం తప్పే. నీకు వీడ్కోలు దక్కకుండా చేశాను. నన్ను క్షమించు.

నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను. తల నా ఒళ్లో పెట్టుకున్నాను. కింద నీ పాత నీలం టీషర్టు పరిచాను. మొదటి ఇంజెక్షన్ నిద్రకి. అది పని చేసేలోగా ముక్కు టీషర్టులో దూర్చి రెండుసార్లు గట్టిగా పీల్చుకుంది. తర్వాత పడుకునే ముందు రోజూ విడిచేదే, ఆ పెద్ద నిట్టూర్పు విడిచింది. రెండో ఇంజెక్షన్ దానికి తెలియలేదు.

మొన్న రాత్రి మళ్లీ వినిపించింది. ఈసారి లేవలేదు, లైటు వెయ్యలేదు. "పడుకోవే" అన్నాను, పక్కకి తిరిగి పడుకున్నాను. అటుపక్క నుంచి మీ నాన్న, "నీక్కూడానా?" అన్నారు.

దుప్పటి ఉతకలేదు. నువ్వొచ్చేదాకా ఉతకను. ఇంకో పరీక్షేగా మిగిలింది, అది కాగానే బయల్దేరు.

అమ్మ