పెట్టె కట్టే ముందు

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన నీ బడ్జీ చిలుకల జత వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను. మగది తల ఊపుతూ, ముక్కుకు ముక్కు తగిలించి ఆడదాని నోట్లో మేత కక్కుతోంది. ఆడది మెడ చాచి అందుకుంటోంది. అవి జత కట్టాయి, అందులో సందేహం లేదు. అవి గుడ్లు పెట్టే చెక్క పెట్టె, అదే నెస్ట్ బాక్స్, కూడా తెచ్చేశానన్నావు. ఈ ఉత్తరం చదివేదాకా ఆ పెట్టెను పంజరానికి కట్టకు తల్లీ. ఒకసారి కట్టాక మధ్యలో ఆపడం కష్టం. ఆ రెండు పక్షుల పరిస్థితి, నీ తీరిక చూసుకున్నాక కట్టు.

ముందు ఆడదాని వయసు సంగతి. ఏడాది నిండకుండా గుడ్లు పెట్టనివ్వకు. ఆరు నెలలకే జత కూడుతుంది, చూడ్డానికి పూర్తిగా ఎదిగినట్టే ఉంటుంది, కానీ గుడ్డు పెట్టే బలం ఒంట్లో అప్పటికి రాదు. నువ్వు తెచ్చిన కొత్తలో దాని నుదుటి మీద చారలు ముక్కు దాకా ఉండేవన్నావు. అవి మూడు నాలుగు నెలల వయసులో మొదటిసారి ఈకలు రాల్చినప్పుడు పోతాయి. అక్కడి నుంచి లెక్క వేసుకుంటే ఇప్పుడెంత వయసో నీకే తెలుస్తుంది. ముక్కు పైన రంధ్రాల చుట్టూ ఉండే కండ కూడా చూడు. గూడుకు సిద్ధమైన ఆడదానికి అది ముదురు గోధుమ రంగుకు తిరిగి గరుకుగా అవుతుంది, మగదానికి నిగనిగలాడే నీలంగా ఉంటుంది. ఇంకోటి, రెండింటినీ ఒకే చోట తెచ్చావు కదా, ఒకే గూటి పిల్లలేమో అడిగి తెలుసుకో. తోబుట్టువులైతే జత కట్టించొద్దు.

మధ్యలో ఆపడం ఎందుకు కష్టమంటే, వీటి పుట్టిల్లు ఆస్ట్రేలియా నడిమధ్య ఎండిపోయిన నేలలు. జాన్ గూల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త 1840లో వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తెచ్చాడు. ఇళ్ళలో పెంచడం ఆ తర్వాతే ఊపందుకుంది. అక్కడ వీటికి గుడ్లు పెట్టడానికి నికరమైన కాలమంటూ లేదు. వాన పడి గడ్డి గింజ పట్టిందంటే గుంపులుగా వచ్చి చెట్టు తొర్రల్లో గుడ్లు పెట్టేస్తాయి. మేత ఉన్నంతకాలం వెంటవెంటనే పెడతాయి, ఎండితే వలస పోతాయి. మన ఇంట్లో మేతకు కరువు లేదు, రాత్రి దాకా లైటు ఉంటుంది, ఇక తొర్రలాంటి పెట్టె ఒకటి కనిపిస్తే చాలు. ఆపేయమని చెప్పే ఎండాకాలం ఇంట్లో రాదు. కాబట్టి ఆపే బాధ్యత మనది. ఏడాదికి రెండు కాన్పులు, అంతే. రెండో విడత పిల్లలు బయటికి రాగానే పెట్టె తీసేసి, లైటు తొందరగా ఆర్పేసి, మెత్తటి మేత తగ్గించు. అలా చేయకపోతే ఆడది ఒళ్ళు కరిగిపోయేదాకా పెడుతూనే ఉంటుంది.

ఇక పెట్టె. అడ్డంగా 20 సెంటీమీటర్లు, లోతూ ఎత్తూ 15 చొప్పున ఉంటే ఒక జతకు సరిపోతుంది. రంధ్రం 4, 5 సెంటీమీటర్లు చాలు. ముఖ్యమైనది అడుగు భాగం. మధ్యలో పల్లంగా తొలిచిన చెక్క ఉండాలి, దాని మీద రెండు మూడు సెంటీమీటర్ల మందాన మందులు కొట్టని చెక్కపొట్టు వెయ్యి. నున్నటి చెక్క మీద పిల్లల కాళ్ళు నిలవవు, రెండు పక్కలకూ జారిపోయి అలాగే గట్టిపడతాయి. ఆ పిల్ల ఇక కొమ్మ మీద నిలబడలేదు. ఆడది మొదట్లో ఆ పొట్టు అంతా బయటికి తోసేస్తుంది, విసుక్కోకుండా మళ్ళీ వెయ్యి. పెట్టెను పంజరానికి బయటి వైపు, పైభాగంలో కట్టు. మూత నీకు అందేలా ఉండాలి. ఒక పంజరంలో ఒక్క జతే ఉండాలి. రెండు ఆడవాటిని పెట్టి ఒకే గూడు చూపించావంటే ఒకదాని గుడ్లు ఇంకోటి పగలగొడుతుంది, పిల్లల్ని కూడా చంపేస్తుంది.

కొర్రలు, కెనరీ గింజలు రోజూ ఎలాగూ వేస్తున్నావు. గుడ్లకు అది చాలదు. పెట్టె కట్టడానికి రెండు మూడు వారాల ముందు నుంచే ఉడికించిన కోడిగుడ్డు చిదిమి, క్యారట్ తురుము కలిపి అలవాటు చెయ్యి. నానబెట్టి మొలకెత్తించిన గింజలు కూడా పెట్టు. ఇవి తొందరగా పాడవుతాయి, రెండు మూడు గంటల్లో తీసేయాలి. కటిల్ బోన్, అంటే కటిల్ ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని తెల్లటి గుల్ల, పంజరంలో ఎప్పుడూ ఉండాలి. గుడ్డు పెంకుకు కావలసిన కాల్షియం అందులోంచే వస్తుంది. బయట నుంచి అందకపోతే ఆడది తన ఎముకల్లోంచి తీసుకుంటుంది. అవకాడో మాత్రం దగ్గరికి రానివ్వకు, వీటికి విషం. నాన్ స్టిక్ గిన్నె మాడితే వచ్చే పొగ కూడా అంతే, పక్క గదిలో ఉన్న పక్షుల్ని సైతం చంపేస్తుంది. ఆ పంజరాన్ని వంటింటి పక్క నుంచి మార్చమని ఇదివరకే చెప్పాను, ఇంకా మార్చలేదు నువ్వు.

జత కూడిన పది రోజుల అటూ ఇటూగా మొదటి గుడ్డు వస్తుంది. ఆ తర్వాత రోజు విడిచి రోజు ఒక్కొక్కటి, మామూలుగా 4 నుంచి 6 దాకా. పొదిగేది ఆడది ఒక్కతే. మగది గూటి గుమ్మంలో నిలబడి దానికి మేత అందిస్తుంది. ఆడది రోజుకు కొన్నిసార్లే బయటికి వచ్చి, అంతసేపూ ఆపుకున్న రెట్ట ఒక్కసారిగా పెద్ద ముద్దలా వేస్తుంది. జబ్బు చేసిందేమోనని టెన్షన్ పడకు, అది మామూలే. వారం దాటాక చీకట్లో చిన్న టార్చి పెట్టి చూస్తే పిల్ల కట్టిన గుడ్డులో ఎర్రటి సన్నని నరాలు కనిపిస్తాయి. పసుపుగా, ఖాళీగా ఉన్నది గొడ్డుగుడ్డు. దాన్నీ వెంటనే తీసేయకు, తగ్గిందని ఆడది మళ్ళీ పెట్టే అవకాశం ఉంది. పైగా కొత్తగా పుట్టిన పిల్ల ఒరగడానికి ఆ గుడ్డే ఆసరా.

అన్నిటికంటే నాకు భయం గుడ్డు అడ్డం పడటం గురించి. ఆడది పంజరం అడుగున ఒళ్ళు ఉబ్బించుకుని కూర్చుంటే, తోక పైకీ కిందికీ కొట్టుకుంటుంటే, ముక్కుతూ ఉంటే, గుడ్డు బయటికి రావడం లేదని అర్థం. కాల్షియం లోటు, చలి, లేత వయసు, ఎడతెరిపి లేని కాన్పులు, సాధారణంగా కారణాలు ఇవే. పొట్ట నొక్కి తీయాలని చూడకు, లోపల గుడ్డు పగిలితే పక్షి బతకదు. చిన్న పెట్టెలో పెట్టి 30 డిగ్రీల దాకా వెచ్చగా ఉంచి, వెంటనే పక్షుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఇందులో గంటలే లెక్క, రేపు చూద్దాం అనుకోవడానికి లేదు. అందుకే పెట్టె కట్టకముందే డాక్టరు ఎవరో తెలుసుకుని ఉంచు. కుక్కల్నీ పిల్లుల్నీ చూసే వాళ్ళందరికీ పక్షుల వైద్యం రాదు.

మొదటి గుడ్డు పొదగడం మొదలైన దాదాపు 18 రోజులకు పిల్ల బయటికి వస్తుంది. ఇప్పుడు ఒకటి బాగా గమనించు. గుడ్లు రోజు విడిచి రోజు పెట్టింది కాబట్టి పిల్లలూ అలాగే పుడతాయి. ఆరు గుడ్లయితే మొదటిదానికి, చివరిదానికి పది రోజుల తేడా. పెద్దది కళ్ళు తెరిచి ఈకల మొలకలతో ఉంటుంది, చిన్నది అప్పుడే పెంకులోంచి వచ్చి రెండు గ్రాముల మాంసపు ముద్దలా ఉంటుంది. రెండూ ఒకే గూట్లో. అయినా తల్లి చిన్నదాన్ని మరచిపోదు. ముక్కుతో మెల్లగా తిరగేసి, వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లోకి పలచటి మేత కక్కుతుంది. పెద్దవాటికి గింజలు, చిన్నదానికి దాదాపు పాలలాంటిది. ఏది ఎవరికో దానికి ఎవరూ నేర్పలేదు. నాకు ఇప్పటికీ అది అబ్బురమే.

రోజుకు ఒకటి రెండుసార్లు, ఆడది మేతకు బయటికి వచ్చినప్పుడు మూత తీసి చూడు. పుట్టిన పిల్ల మెడ కింద మేతసంచి ఉంటుంది. చర్మం ఎంత పలచనంటే లోపలి మేత బయటికే కనిపిస్తుంది. మొదట్లో లేత పసుపు, వారం తిరిగేసరికి గింజలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు. అది నిండి మెత్తగా ఉంటే నువ్వు చేయవలసింది ఏమీ లేదు, మూత పెట్టేయి. ఖాళీగా ముడుచుకుపోయి, పిల్ల చల్లగా, కదలకుండా ఉంటేనే కంగారు పడాలి. వేలితో తాకితే గొంతెత్తి కీచుమంటే బతుకు బలంగా ఉన్నట్టే. పుట్టిన పన్నెండు గంటల దాకా కడుపులో మిగిలిన పచ్చసొనే ఆధారం, కాబట్టి ఆ రోజు సంచి ఖాళీగా కనిపించినా భయపడకు.

పది రోజులు దాటాక గూడు మురికి అవుతుంది. తల్లి బయటికి రాగానే పిల్లల్ని గుడ్డ పరిచిన వెచ్చటి గిన్నెలోకి తీసి, పొట్టు మార్చి, అదే వరుసలో తిరిగి పెట్టు. గోళ్ళ చుట్టూ రెట్ట గట్టిపడి ఉంటే గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి మెల్లగా తీయి. లాగితే వేలు ఊడి వస్తుంది. పై ముక్కు లోపల ఎండిన మేత అట్ట కట్టినా అంతే, మెత్తబరిచి, మొన మొద్దు చేసిన అగ్గిపుల్లతో తీయాలి. అది అలాగే ఉండిపోతే పైముక్కు కిందిదాని లోపలికి మడుచుకుని పెరుగుతుంది. కాళ్ళు పక్కకు జారుతున్నట్టు అనిపిస్తే రెండు వారాల వయసులోపే డాక్టరుకు చూపించు. అప్పుడైతే కట్టు కట్టి సరిచేయగలరు, ఎముక ముదిరాక కుదరదు.

చేత్తో మేత పెట్టి పెంచితే మచ్చిక అవుతాయని ఎవరో చెప్పారన్నావు. నేను ఒప్పుకోను. తల్లిదండ్రులు మేత పెడుతుంటే పిల్లల్ని లాక్కోవడం అనవసరమైన ప్రమాదం. పొడి కలిపిన మేత కాస్త వేడెక్కువైతే మేతసంచి కాలిపోతుంది, చల్లారితే జీర్ణం కాక పులిసిపోతుంది, తొందరపడి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా లేచి పెట్టాలి. తల్లి చనిపోతేనో, పూర్తిగా వదిలేస్తేనో తప్ప అందులోకి దిగకు. మచ్చికకు ఇంకో దారి ఉంది. మూడు వారాల నుంచి రోజూ పిల్లల్ని ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని, రెండు నిమిషాలు మాట్లాడి, తిరిగి పెట్టు. గూట్లోంచి బయటికి వచ్చాక అవే నీ వేలెక్కుతాయి.

బయటికి వచ్చేది 30 నుంచి 35 రోజుల మధ్య. వచ్చిన కొత్తలో నేల మీదే తిరుగుతాయి, అందుకని పంజరం అడుగున వెడల్పాటి పళ్ళెంలో గింజలు, లోతు లేని గిన్నెలో నీళ్ళు పెట్టు. ఈ వారం పది రోజులు తండ్రిదే అసలు పని. పిల్లలన్నీ దాని వెంటపడి నోరు తెరుస్తాయి, ఒక్కో దానికీ మేత కక్కుతూ అలిసిపోతుంది. తల్లి ధ్యాస అప్పటికే రెండో కాన్పు మీదికి పోయి ఉంటుంది. గూట్లోంచి ఆలస్యంగా వచ్చే పిల్ల ఈకలు పీకేస్తుంది, వీపు మీద నెత్తురు కూడా చూస్తావు. అలా మొదలైతే పిల్లల్ని, తండ్రిని పక్కన ఇంకో పంజరంలోకి మార్చేయి. ఆరో వారం వచ్చేసరికి పిల్లలు గింజ వాటంతటవే ఒలుచుకుంటాయి. నీ కళ్ళతో అది చూసి, రెండు మూడు రోజులు బరువు తగ్గలేదని తెలిశాకే వేరు చెయ్యి. చుట్టూ పొట్టు పడి ఉందంటే తింటున్నట్టు కాదు, చాలాసార్లు ముక్కుతో ఆడుతుంటాయి అంతే.

రంగుల సంగతి అడిగావు. నీవి రెండూ నీలం కాబట్టి పచ్చ పిల్ల ఒక్కటీ పుట్టదు. పచ్చ బలమైన రంగు, తల్లిదండ్రుల్లో ఎవరిలో ఉన్నా పైకి కనపడి తీరుతుంది. రెండు పచ్చవాటికి మాత్రం ఒక్కోసారి నీలం పిల్ల పుడుతుంది, రెండింటిలోనూ ఆ రంగు దాగి ఉంటే. ఆడా మగా అనేది పిల్లతనంలోనూ ముక్కు మీదే తెలుస్తుంది. అంతా ఒకే గులాబీ, ఊదా కలిసిన రంగులో ఉంటే మగది, రంధ్రాల చుట్టూ తెల్లటి వలయాలు ఉంటే ఆడది. మూడు నాలుగు నెలల్లో ఇంకా స్పష్టమవుతుంది.

చివరగా ఒకటి, దీనికి జవాబు దొరికాకే పెట్టె కట్టు. ఐదారు పిల్లలు వస్తే ఎవరికిస్తావు? ఇవి బాగా చూసుకుంటే ఏడెనిమిదేళ్ళు, అంతకంటే ఎక్కువ కూడా బతుకుతాయి. ఒంటరిగా ఉండలేవు, జతగానే ఇవ్వాలి, తీసుకునేవాళ్ళకు వాటిని చూసుకునే ఓపిక ఉండాలి. అడగ్గానే అందరూ సరే అంటారు, తీరా పంజరం తేవలసి వచ్చేసరికి వెనక్కి తగ్గుతారు. కనీసం రెండు ఇళ్ళు గట్టిగా ఖాయం చేసుకో. మిగిలినవి నీ దగ్గరే ఉంటాయనుకుని పెద్ద పంజరం సంగతి చూడు. దాని కొలతలు నాకు పంపు, వచ్చే నెల వచ్చినప్పుడు మెష్ తెచ్చి ఇద్దరం కలిసి కడదాం.

అల్లుడుగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ నాన్న