ఒరేయ్ పంతులూ, నాన్న కారు కళ్ళు తెరిచింది!

రాజమండ్రి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ పంతులూ,

నీవి రెండు ఉత్తరాలొచ్చాయి, ఒక్కదానికీ జవాబు రాయలేదు. తిట్టుకో, పడతాను. అమ్మ మోకాళ్ళు కాస్త నయం. చిన్నదాని పరీక్షలయ్యాయి. నువ్వడిగిన ఆవకాయ జాడీ ఇంకా పంపలేదు, అది వేరే కథ.

రాత్రి నాన్న అంబాసిడర్ లైట్లు వెలిగాయిరా! అదే, 78 మోడల్, మార్క్ త్రీ. నువ్వు అరటి గెలతో సహా పడ్డ బండి.

కిందటి నెల కొవ్వూరు నుంచి వస్తుంటే గోదావరి బ్రిడ్జి మధ్యలో చినుకులు మొదలయ్యాయి. వైపరు వేశా. రెండు ఊపులు ఊగి ఆగిపోయింది. హెడ్‌లైట్లు ఆముదం దీపాల్లా అయిపోయాయి, డాష్‌బోర్డు కింద నుంచి పొగ! బోనెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినల్ చేత్తోనే లాగేశా. అదెప్పుడూ లూజే, బిగించమని నాన్న ఎన్నిసార్లు చెప్పినా బిగించలేదు. ఆ బద్ధకమే బండిని కాపాడింది.

మర్నాడు ఫ్యూజు బాక్సు మూత తీశా. బండి మొత్తానికి ఉన్నవి రెండే ఫ్యూజులు. అందులో ఒకటి కాలిపోతే దాని చుట్టూ ఏం చుట్టి ఉందో తెలుసా? సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం! ఆ బోనెట్ నాన్న తప్ప ఇంకెవరూ ఎత్తేవాళ్ళు కాదు. జన్మలో ముట్టలేదని మనిద్దరి ముందూ ఒట్టేసిన మనిషి! కాలవగట్టు మీద ఆ దగ్గు ఎవరిదో ఇప్పుడు తెలిసిందా? నవ్వాను. తర్వాత చాలాసేపు అక్కడే కూర్చున్నా. నాన్న పోయి రెండేళ్ళయినా... సరేలే. అమ్మకి ఇంకా చెప్పలేదు. చెప్పాలా?

వైపరు వైరు రేకు అంచుకి ఒరుసుకుని షార్ట్ అయింది. సరైన ఫ్యూజుంటే టక్కున ఎగిరిపోయేది. వెండి కాగితం ఎగరదుగా, వైరే కాలింది.

మేస్త్రి చూసి, "అతుకులు వద్దు అబ్బాయిగారూ, మొత్తం పీకేద్దాం" అన్నాడు. పాత వైరు వంచితే పైతొడుగు అప్పడంలా విరుగుతోంది. బ్రౌన్ అంటే బ్యాటరీది, తెలుపు తాళం తిప్పితే వచ్చేది, ఆకుపచ్చ ఫ్యూజు దాటినది అని లెక్క ఉంది గానీ, మనవాటికి అన్నిటికీ మట్టిరంగే. ఒక్కోదానికీ చీటీ కట్టి విప్పేసరికి మూడు ఆదివారాలు. నా చేతిరాత నాకే అర్థం కాక హారన్ చీటీని హీటర్ అని చదివా. మన బండికి హీటరెక్కడిది!

ఇప్పుడు ఎనిమిది బ్లేడు ఫ్యూజుల బాక్సు పెట్టాం, హెడ్‌లైట్లకి రెండు రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చిలు. ఇన్నాళ్ళూ ఆ లైట్లకి ఫ్యూజే లేదు! 60 వాట్ల బల్బులు రెండంటే 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు, అంతా ఆ ముసలి స్విచ్చిలోంచే పోయేది. ఇప్పుడు స్విచ్చి రిలేని తట్టి లేపుతుందంతే. బరువంతా బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మోస్తుంది.

రాత్రి అంతా బిగించి బ్రేక్ తొక్కితే ఇండికేటర్లు వెలిగాయి! గుండె జారింది. నీ కర్పూరం ప్రయోగమే గుర్తొచ్చింది. ఫ్యూజులన్నీ తీసి పెట్టా, రిలేలు మార్చా, వైర్లు మళ్ళీ లెక్కపెట్టా. మేస్త్రి టీ తాగుతూ చూస్తున్నాడు. చివరికి గరుకు కాగితం తీసి వెనక లైటు బిగించిన చోట కొత్త పెయింటు గీకాడు. అంతే! ఎర్తు, అదే కరెంటు బండి రేకులోంచి తిరిగెళ్ళే దారి, దొరక్క బ్రేకు కరెంటు ఇండికేటర్ బల్బులోంచి దారి చూసుకుందట. ముందే తెలుసా అంటే, "తమరు ఉత్సాహంగా ఉన్నారు కదాని" అన్నాడు.

డిప్పర్ కొట్టగానే ఎదురింటి గోడ తెల్లగా... అబ్బ! ఎదురింటాయన మళ్ళీ లుంగీతోనే బయటికొచ్చాడు, నీకు తెలుసుగా.

ఇంకా బ్యాటరీని ఛార్జి చేసే డైనమో సంగతుంది. దాని బదులు ఆల్టర్నేటర్ వేద్దామంటాడు మేస్త్రి, నాకు మనసొప్పడం లేదు, ఎందుకంటే నాన్న దాన్ని... అదిగో వచ్చేశాడు, వీధిలో హారన్ కొడుతున్నాడు. మిగతాది తర్వాత రాస్తా

నీ
గెల